సంత చీటీలో పశువు చెవిపోగు నంబరు రాయించండి

సంపాదకులు గారికి,

ఉభాలకు (వరి నాట్లకు) ముందు మా దగ్గరి సంతలో దళారీ ద్వారా ఒక జత ఎడ్లు కొన్నాను. సొమ్ము అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను. దళారీ పలుపులు నా చేతిలో పెట్టాడు, ఆశీలు (సంత రుసుము) కట్టించి చీటీ కూడా ఇప్పించాడు. దమ్ము సగంలో ఉండగా పక్క మండలం రైతు ఒకాయన ఇద్దరు పెద్దమనుషులతో మడిగట్టు మీదకొచ్చి, ఎడ్లు తనవని, దళారీ తనకు పైసా ముట్టజెప్పలేదని, తోలుకుపోతానని అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. వలపటెద్దు నుదుటి సుడితో సహా గుర్తులన్నీ చెప్పాడు. ఆయన గొంతు వినగానే ఎద్దు కూడా మోర ఎత్తింది మరి!

స్టేషనులో కాగితాలు అడిగారు. నా చీటీలో ‘ఎడ్లు జత 1’ అని, దళారీ పేరు, కట్టిన ఆశీలు ఉన్నాయి. ఆయన దగ్గర అదీ లేదు. మాట మీద ఎడ్లను అప్పజెప్పి ఇంటికెళ్లిపోయిన మనిషి.

విజయనగరంలో ఒక ప్లీడరు గారిని కలిశాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను ప్రకారం, తనది కానిదాన్ని అమ్మినవాడి దగ్గర కొంటే మనకు హక్కు రాదట. అయితే సొంతదారే అమ్మిపెట్టమని దళారీకి అప్పగించి, దళారీ తన మామూలు వ్యాపారంలో అమ్మి, కొన్నవాడికి ఏ మోసమూ తెలియకపోతే ఆ కొనుగోలు చెల్లుతుందట. అప్పుడు పాత రైతు డబ్బు కోసం దళారీ మీద పడాలి గానీ ఎడ్లను తోలుకుపోకూడదు.

వినడానికి బాగానే ఉంది. అమ్మమని ఇచ్చాడా, మేపమని ఇచ్చాడా, అసలు దొంగసొత్తా? కేసంతా దీని మీదే తిరుగుతుంది, దీనికే కాగితం లేదు. కేసు తేలేదాకా పశువు ఎవరి దగ్గర ఉండాలో మెజిస్ట్రేటు గారు చెప్పాలి. ఈలోగా ఉభాల అదును ఆగదు, ఎద్దుకు గడ్డీ ఆగదు.

మా ఇద్దరికీ పెద్దమనుషులు రాజీ కుదిర్చారు. ఎడ్లు నా దగ్గరే ఉన్నాయి. ఆయనకు దళారీ నుంచి సగం సొమ్ము ఇంకా రావాలి.

ప్రభుత్వం పశువుల చెవులకు 12 అంకెల పోగులు వేయిస్తోంది. ఆ నంబరు మీద సొంతదారు పేరు కంప్యూటరులో ఉంటుంది. పశువు చేతులు మారినప్పుడు పేరు మార్చే వీలూ ఉంది. సంతలో మాత్రం ఆ పోగు వంక చూసే నాథుడు లేడు. మానాపురం, అలమండ, నారాయణవలస వంటి సంతల్లో సంత రోజున రైతు సేవా కేంద్రం పశుసంవర్ధక సహాయకుణ్ణి ఒకరిని కూర్చోబెడితే అక్కడికక్కడే పేరు మారిపోతుంది. చీటీలో పోగు నంబరు, అమ్మే రైతు పేరు, ‘అమ్మకానికి అప్పగించాను’ అన్న ముక్క కింద ఆయన వేలిముద్ర ఉండాలి. సొమ్ము ముట్టిందో, బాకీ ఉందో కూడా రాయాలి.

దళారీలు ఒప్పుకోరని తెలుసు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేది అమ్మేవాడి ధర కొనేవాడికి తెలియకూడదనే. వాళ్ల లాభం ఆ తేడాలోనే ఉంది. ధర రాయమని నేను అనడం లేదు, పశువు ఎవరిదో రాయమంటున్నాను.

పంచాయతీలు వచ్చే ఏడాది ఆశీలు వసూలు వేలంపాట నోటీసులోనే దీన్ని షరతుగా పెట్టాలని, పాట పాడుకున్నవారు ఇలాంటి చీటీ లేకుండా పశువును గేటు దాటనివ్వకూడదని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న రైతు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా