తీర్మానం రాయకముందే మమ్మల్ని అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సుతో పంచాయతీకి వచ్చే నిధులు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చాల్సింది గ్రామసభ. ఏటా అక్టోబరు 2న గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల ప్రచారం మొదలుపెట్టేది అందుకే. మా ఊళ్లో మాత్రం పనుల జాబితా ముందే తయారైపోతుంది. తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తెస్తారు. పేజీలో పైన ఖాళీ, కింద వరసగా సంతకాలు, వేలిముద్రలు. పైన ఏం రాస్తారండీ అని అడిగితే "అది మేం రాసుకుంటాంలే అమ్మా, మీరు పెట్టేయండి" అంటారు.

ఒకవేళ సభ పెట్టినా పొద్దున పదిన్నరకి పెడతారు, ఆ టైముకి కూలికెళ్లేవాళ్లంతా పొలాల్లో ఉంటారు, ముందురోజు చాటింపు కూడా ఉండదు, ఇక వచ్చేదెవరు?

జనానికి అసలు లెక్కే చెప్పరు, నా బాధ అదే. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. ఇది తెలియక మావాళ్లు సిమెంటు రోడ్డు అడుగుతారు, నిధుల్లేవు అంటారు, అంతటితో నోరు మూసుకుని వచ్చేస్తారు. అదే ఆ 60 శాతం సంగతి చెప్పి నీళ్ల గురించి అడిగి చూడండి. పైపులైను చివర ఉన్న కుళాయికి బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో, ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్లు ఆగిపోతాయో ఆడవాళ్లు గడగడా చెప్తారు. ఏ ఇంజినీరు అంచనాల్లోనూ ఉండని వివరం అది.

కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో ఏ పంచాయతీ ప్రణాళికైనా ఎవరైనా చూడొచ్చు, మంచిదే. నేనూ మాది చూశాను. "డ్రైనేజీ మరమ్మతు" అని ఉంది, ఏ వీధిలోనో లేదు. ఇక స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్ల సంగతి ఏమిటి?

అధికారులు తలచుకుంటే కానిదేం కాదు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఉపాధి హామీ పనుల కోసం ఒకేరోజు గ్రామసభలు పెట్టారు కదా. ఆర్థిక సంఘం నిధులకు కూడా అలాగే ముందుగా తేదీ ప్రకటించి, సభ సాయంత్రం ఆరు తర్వాత పెట్టాలి, ఎస్సీ కాలనీలో కూడా విడిగా కూర్చోవాలి. కొత్త పనులు అడిగే ముందు పోయినేడు ఏ పనికి ఎంత ఖర్చయిందో పైకి చదవాలి. తీర్మానం అందరి ముందే రాసి, చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో రోజూ కరెంటు కోతల వేళలు వేస్తున్నట్టే, గ్రామసభల తేదీలు, టైములు కూడా వారం ముందు వేయండి.

ఇట్లు,
ఒక పంచాయతీ ఓటరు