ఐపీ66 అని రాసిన బాక్సుల్లోకి నీళ్లు: గాస్కెట్లు, గ్లాండ్లు, మరలపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజరు గారికి,

విషయం: దుమ్ము, నీళ్లు చొరబడవని తెలిపే ఐపీ66 గుర్తు వేసి, ఆరుబయట వాడకానికని అమ్మిన 80 జంక్షన్ బాక్సులు (వైర్లు కలిపే పెట్టెలు), వాటితో వచ్చిన గ్లాండ్లు (కేబుల్ దూరే రంధ్రానికి బిగించేవి), మరలు మార్చి ఇవ్వాలని.

అయ్యా,

సంతబొమ్మాళి మండలం తీరాన రొయ్యల చెరువులకు ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) లైన్లు వేసే కాంట్రాక్టర్లం. మీ డీలరు దగ్గర కొన్న పీవీసీ బాక్సులు చెరువు గట్ల మీద బిగిస్తే మొదటి వానాకాలమే గట్టెక్కలేదు. తెల్లవారుజామున ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) పడిపోతోంది. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండే వేళ అదే. అప్పుడు ఏరేటర్ ఆగితే రైతు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. లైన్లు విడదీసి మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెడితే మోటార్లు బాగానే ఉన్నాయి, లీకేజీ బాక్సుల దగ్గర దొరికింది. మూతలు తీస్తే అడుగున నీళ్లు, టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము.

అసలు తప్పు గాస్కెట్‌ది, అంటే నీళ్లు రాకుండా మూత కింద పెట్టే పట్టీది. ఒకే ముక్కగా పోసిన రబ్బరు పెట్టాల్సిన చోట స్పాంజి పట్టీ చుట్టి, రెండు కొసలూ ఒక మూల కలిపారు. ఆ అతుకు దగ్గర సందు ఉంది. బిగించినప్పుడు ఆ మూల పైకి వస్తే వాన నేరుగా అందులోంచే దిగుతుంది. పైగా చాన్నాళ్లు నొక్కుకుపోయిన స్పాంజి మళ్లీ ఉబ్బదు, ఒకసారి మూత తీసి పెడితే ఇక పట్టదు. చెరువు దగ్గరి బాక్సు మూత తీయకుండా ఏ సీజనూ గడవదని వేరే చెప్పక్కర్లేదు. ఇక గోడకు బిగించే రంధ్రాలు గాస్కెట్ గీతకు లోపలి వైపున ఉన్నాయి. స్తంభం వెంట జారే నీరు ఆ మర పట్టుకుని లోపలికి వస్తుంది. బిగింపు చెవులు బయటే ఉండాలి.

ఐపీ66 పరీక్ష సంగతి మాకు తెలుసు: 12.5 మి.మీ. నాజిల్‌తో నిమిషానికి 100 లీటర్ల చొప్పున అన్ని దిక్కుల నుంచీ నీళ్లు కొడతారు. అందులో మీ బాక్సు నెగ్గే ఉండొచ్చు, కొత్త గాస్కెట్‌తో, రంధ్రాలన్నీ మూసి. గ్లాండ్ ఎక్కాక ఆ అంకె బాక్సు ఒక్కదానిది కాదు, మొత్తం బిగింపుది. మీ బాక్సుకు ఉన్నది ఎం20 మర, పెట్టెలో వేసింది పీజీ13.5 గ్లాండ్. ఒకదాని వ్యాసం 20 మి.మీ., మరొకదానిది 20.4 మి.మీ., పిచ్‌లూ (మర చుట్ల మధ్య ఎడం) వేరు. రెండు చుట్లు తిరిగి బిర్రుగా ఆగిపోతుంది. కుర్రాళ్లు బిగిసిందనుకుని వదిలేస్తారు, కింద వాషరు మాత్రం బాక్సుకు ఆనదు.

ఐపీ అంకెలో తుప్పు పరీక్ష ఉండదు. ఉప్పుగాలి వీచే చోట దాన్ని విడిగా చూసుకోవాలి. కేటలాగులో స్టెయిన్‌లెస్ అని రాసిన మూత మరలకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటోంది. జింకు పూత పూసిన ఇనుమే అది. తల తుప్పు పట్టి స్క్రూడ్రైవర్ జారిపోతోంది. 304 రకం స్టెయిన్‌లెస్ కూడా సముద్రం ఒడ్డున మచ్చలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 కావాలి.

మీ కేటలాగు బొమ్మలో వైర్ల పైపు బాక్సు నెత్తిన దిగుతోంది. దయచేసి ఆ బొమ్మ తీసేయండి, చూసినవాళ్లు అలాగే బిగిస్తున్నారు. పైపు అడుగు నుంచి రావాలి. ఎండకు బాక్సులో గాలి వేడెక్కి బయటికి పోతుంది, సాయంత్రం జల్లు పడి ఒక్కసారిగా చల్లబడితే సందుల్లోంచి గాలితోపాటు తడినీ లోపలికి లాక్కుంటుంది. అందుకే ఎంత బిగించినా కొంత తేమ చేరుతుంది. అది కారిపోయే డ్రెయిన్ ప్లగ్ అడుగున ఉండాలి, మీ సరుకు జాబితాలో అది లేనే లేదు. పైపు సాగడానికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ కప్లరూ లేదు. 3 మీటర్ల పీవీసీ పైపు 30 డిగ్రీల తేడాకు దాదాపు 6 మి.మీ. సాగుతుంది. అన్ని జాయింట్లూ సొల్యూషన్ వేసి అతికిస్తే ఏదో ఒక కప్లర్ ఊడుతుంది.

ఫోన్‌లో మీ ప్రతినిధి మూత చుట్టూ సిలికాన్ పూయమన్నారు. బజారులో తేలిగ్గా దొరికేది పులుపు వాసన వచ్చే రకం. ఆరేటప్పుడు దాంట్లోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. అలాంటి సలహా ఇకపై ఎవరికీ ఇవ్వొద్దని కోరుతున్నాం.

మాకు కావాల్సింది ఇదీ: అతుకు లేని ఈపీడీఎం రబ్బరు గాస్కెట్, 316 మరలు, బయటి బిగింపు చెవులు, ఎం20 గ్లాండ్లు, డ్రెయిన్ ప్లగ్‌తో 80 బాక్సులు. వాటితోపాటు గ్లాండ్లు బిగించి చేసిన ఐపీ పరీక్ష నివేదిక నకలు. అలాంటి సరుకు మీ దగ్గర లేకపోతే డబ్బు వాపసు ఇవ్వండి. విప్పిన బాక్సుల్లో ఆరింటిని గాస్కెట్లు, గ్లాండ్లతో సహా డీలరుకు అప్పగించి రసీదు తీసుకున్నాం. మిగతా బిల్లు మీ జవాబు వచ్చేదాకా ఆపుతున్నాం.

ఇట్లు,
ఏరేటర్ వైరింగ్ కాంట్రాక్టర్లు,
సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా