దివంగత మిత్రుల స్మారక నిధి: జమా ఖర్చుల వివరణ (కాలేజీ హాస్టల్ మూడో బ్లాకు, 1984–88)

మూడో బ్లాకు మిత్రులకు, మనల్ని విడిచి వెళ్లిన పద్దెనిమిది మంది కుటుంబాలకు నమస్కారం.

ఏప్రిల్ నెలాఖరుకి ఇస్తామన్న లెక్క జూన్‌లో ఇస్తున్నాం. ఆలస్యం మాదే. షామియానా బిల్లు, రాయి రవాణా బిల్లు చేతికొచ్చాక ఒకేసారి పెడదామనుకున్నాం. ఈలోగా పేర్ల రాయి రెండుసార్లు ఎందుకు చెక్కించారు, డిపాజిట్ ఎందుకు తగ్గింది అంటూ గ్రూపులో రకరకాల మాటలు వచ్చాయి, కొన్ని మనసుకి తగిలాయి. అయినా అడగడం తప్పని మేం అనం. నెల ఖర్చు తలా ఇంత అని పంచుకునే డివైడింగ్ మెస్‌లో తిన్నవాళ్లం మనం. నెల తిరిగేసరికి కూరగాయల దగ్గర్నుంచి వంటచెరకు దాకా లెక్క నోటీసు బోర్డు మీద పడకపోతే మెస్ సెక్రటరీ గది తలుపు బాదినవాళ్లమే అందరం. ఈ నిధి కోశాధికారి థర్డియర్‌లో ఆ పని చేసినవాడే.

జమ (2023 ఆగస్టు 1 నుంచి 2025 మార్చి 31 దాకా)

2022 సమ్మేళనంలో మిగిలినది: రూ. 23,150
61 మంది మిత్రుల విరాళాలు: రూ. 6,84,500
మూడు కుటుంబాలు ఇచ్చినది: రూ. 40,000
బ్యాంకు వడ్డీ: రూ. 9,260
మొత్తం జమ: రూ. 7,56,910

కుటుంబాలను మేం ఒక్క రూపాయి అడగలేదు. వాళ్లంతట వాళ్లు పంపారు, పేర్లు వేయొద్దన్నారు. వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాం. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు అడిగిన వారికి: మన సొసైటీకి ఆ అనుమతి ఇంకా లేదు, మామూలు రసీదే ఇవ్వగలం.

'అమెరికా వాళ్లు మొహం చాటేశారు' అన్న మాట ఒకటి తిరుగుతోంది. అది అన్యాయం. నలుగురు మిత్రులు తలా 50,000 ఇస్తామన్నారు. వద్దన్నది మేమే. వాళ్లిప్పుడు అక్కడి పౌరులు. విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల మీద వచ్చిన 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం వాళ్లిచ్చేది విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంఘానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి సంఘం పుట్టి కనీసం మూడేళ్లు కావాలి. మనది నిన్నగాక మొన్న పుట్టింది. ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉన్న మిత్రులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు, అలా ఇద్దరు పంపారు కూడా. కాబట్టి ఆ నలుగుర్ని దయచేసి ఏమీ అనకండి.

ఖర్చు

గోడ, దిమ్మ, చుట్టూ నాపరాళ్లు, తాపీ పని: రూ. 72,400
మొదటి శిలాఫలకం: రూ. 58,600
స్మరణ దినం (2024 డిసెంబరు 15) భోజనాలు, షామియానా, మైకు: రూ. 64,750
కుటుంబాల ప్రయాణం, బస: రూ. 38,200
ఫొటోల పుస్తకం, 150 ప్రతులు: రూ. 27,900
సొసైటీ రిజిస్ట్రేషన్, ఆడిటరు ఫీజు: రూ. 11,500
పోస్టు, ఫోన్లు, చిల్లర: రూ. 3,960
రెండో శిలాఫలకం: రూ. 46,300

ప్రయాణ ఖర్చు ఎక్కువైందన్నారు. ఒక తల్లి నంద్యాల నుంచి, ఒక కుటుంబం ఆదిలాబాద్ నుంచి వచ్చారు. ఎనభై దాటిన ఆవిడను రాత్రంతా బస్సులో కూర్చోబెట్టలేక కారు పెట్టాం. శ్రాద్ధకర్మ ఎందుకు చేయించలేదని ఇద్దరు అడిగారు. ఆ పద్దెనిమిది మందిలో మూడు మతాల వాళ్లున్నారు. ఒకరి పద్ధతిలో చేసి మిగతావాళ్లను పక్కన నిలబెట్టడం ఇష్టంలేక, పేర్లు చదివి, మౌనం పాటించి, అందరం కలిసి భోంచేశాం. ఐదుగురు 2021 ఏప్రిల్, మే నెలల్లోనే పోయారు. ఒక్కరి అంత్యక్రియలకీ మనం వెళ్లలేకపోయాం. ఈ నిధి పుట్టింది ఆ బాధలోంచే.

ఇక రెండో రాయి. ఫోన్లన్నీ దీని గురించే కాబట్టి మొదటి నుంచీ చెబుతాం.

పాలరాయి చవకలో వచ్చేది. మన ఊరి ఉప్పుగాలికి అది నాలుగేళ్లలో మాసిపోతుందని గ్రానైట్ అనుకున్నాం. చీమకుర్తి గెలాక్సీ చూశాం. అందులో బంగారు చుక్కల మధ్య సన్న అక్షరాలు కలిసిపోతున్నాయి. అందుకని చుక్కలేని నల్లరాయి తీసుకున్నాం. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువ చెప్పిన వారికే ఇచ్చాం. చెక్కినతను మాలో ఎవరికీ బంధువు కాదు. 2024 అక్టోబరులో పదిహేడు పేర్లతో రాయి గోడలో దిగింది, ఫొటో గ్రూపులో పెట్టాం.

నాలుగో రోజు ఒక ఫోను. "ఏమండీ, మా అన్నయ్య పేరు కనిపించలేదు. వేరే రాయేమైనా ఉందాండీ?"

ఆ మిత్రుడు సెకండియర్ పరీక్షలు రాసి ఇంటికెళ్లాడు. 1986 ఆగస్టు గోదావరి వరదలో వాళ్ల లంక పొలం ఇసుక మేట వేసింది. మళ్లీ హాస్టల్‌కి రాలేదు. 2003లో పోయాడు. మేం డిగ్రీలు తీసుకున్న వారి జాబితా పట్టుకుని పేర్లు రాశాం, అందులో అతను లేడు. తప్పు ఇక్కడ జరిగింది, ఒప్పుకుంటున్నాం.

డిగ్రీ పూర్తిచేయనివాడు మన బ్యాచ్ ఎలా అవుతాడని ఒకరు రాశారు. తమ్ముడు ఒక కాగితం పంపాడు. 1984లో హాస్టల్‌లో చేరిననాటి కాషన్ డిపాజిట్ (వెళ్లేటప్పుడు తిరిగిచ్చే పూచీ సొమ్ము) రసీదు, 150 రూపాయలు. ట్రంకుపెట్టెలో దాచుకున్నాడట. మనందరం వెళ్లేటప్పుడు అది వెనక్కి తీసుకున్నాం, అతను తీసుకోలేదు. లెక్క ప్రకారం హాస్టలే అతనికి బాకీ. రెండేళ్లు మనతో ఒకే బంతిలో తిన్నవాడిని మనవాడు కాదనడానికి మాకు నోరు రాలేదు.

అడుగున ఒక పేరు చేర్చి ఉండొచ్చు కదా అన్నారు. పేర్లు పోయిన తేదీల వరుసలో ఉన్నాయి, అతని వరుస ఐదోది. అందరికన్నా కింద, వేరే ఉలి తేడాతో ఆ పేరు చెక్కితే, చూసిన ప్రతివాడికీ తర్వాత గుర్తొచ్చినవాడు అని తెలుస్తుంది. రాయి తిప్పి వెనకవైపు చెక్కించాల్సింది అన్న మాట సబబే, అదే ముందు ప్రయత్నించాం. సిమెంటులో దిగిన రాయి ఊడదీసేటప్పుడు రెండు మూలలు పగిలాయి. అప్పుడే కొత్త రాయికి చెప్పాం. మళ్లీ కొటేషన్లు పిలవలేదు, స్మరణ దినం ముంచుకొచ్చింది. అక్షరాల అచ్చు ముందే ఉంది కనుక చెక్కినతను 12,300 తగ్గించాడు. డిసెంబరు 12న పద్దెనిమిది పేర్ల రాయి నిలబడింది.

గ్రూపులో పెట్టకుండా కమిటీ ఐదుగురం ఫోన్‌లో మాట్లాడుకుని తేల్చేశామన్నది నిజం. నిబంధన ప్రకారం 25,000 దాటిన ఖర్చు అందరికీ చెప్పాలి, చెప్పలేదు. ఫోను చేసిన తమ్ముణ్ని ఆ రోజే గ్రూపులో చేర్చుకున్నాం. అతని కళ్లెదుట వాళ్లన్నయ్య మనవాడా కాదా అని ఓట్లు అడగడం మావల్ల కాలేదు. నిబంధన తప్పినందుకు క్షమించండి. పేరు చేర్చినందుకు మాత్రం క్షమాపణ చెప్పలేం. స్మరణ దినాన ఆ తమ్ముడు వచ్చి, అన్న పేరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు వచ్చినవాళ్లంతా చూశారు.

ఈ ఖర్చులన్నీ కలిపి రూ. 3,23,610. రూ. 4,00,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. ఖాతాలో నిల్వ రూ. 33,300. 7 శాతం వడ్డీకి ఏడాదికి 28,000 వస్తుంది, అది మూడో బ్లాకులో ఇప్పుడు ఉంటున్న ఒక పేద విద్యార్థి మెస్ బిల్లుకి. డిపాజిట్ 5,00,000 చేస్తామన్నారు కదా, మిగతాది రాయి మింగేసిందా అని కొందరు అడిగారు. రాయి కాదు. సభలో చేతులెత్తి ఇస్తామన్న పద్నాలుగు మంది నుంచి రూ. 1,35,000 ఇంకా రావాలి. అది వస్తే రెండో రాయి ఖర్చు పోను కూడా 5,00,000 దాటుతుంది. పేర్లు ఇక్కడ వేయడం లేదు. కొందరికి నిజంగానే ఇబ్బందులున్నాయి, చెప్పారు, వారిని ఇక అడగం. మిగతావాళ్లకు మూడుసార్లు ఫోను చేశాం. ఇవ్వలేకపోతే ఆ ఒక్క ముక్క చెప్పండి, జాబితాలోంచి తీసేస్తాం.

మూలలు పగిలిన మొదటి రాయి హాస్టల్ స్టోరు గదిలో గోనెపట్టా చుట్టి ఉంది. వంటింటి గట్టుకి అమ్మేస్తే ఏడెనిమిది వేలు వస్తుందని ఒక మిత్రుడు అన్నారు. పదిహేడు పేర్లున్న రాయి మేం అమ్మం. ఏం చేయాలో ఆగస్టు సమావేశంలో అందరూ కలిసి చెప్పండి, ఈసారి ముందే అడుగుతున్నాం.

బిల్లుల ఫైలు, బ్యాంకు పాసుబుక్కు, ఆ కాషన్ డిపాజిట్ రసీదు నకలు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ఏ ఆదివారమైనా ఉదయం పది దాటాక వచ్చి చూసుకోవచ్చు.

స్మారక నిధి కమిటీ