మన పందికొక్కు ఆస్ట్రేలియాది ఎప్పుడయింది?

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట ఆదివారం పిల్లల పేజీలో బాండికూట్ బొమ్మ వేసి, ఇది ఆస్ట్రేలియా ఆదివాసుల భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాట అని రాశారు. ఎవరో ఒకరు సవరణ రాస్తారులే అని ఊరుకున్నాను. పోయిన ఆదివారం పేజీ తిరగేస్తే ఎక్కడా లేదు. ఇక ఉండబట్టక రాస్తున్నాను.

అయ్యా, అది మన పందికొక్కు! పందిలా గురగురమనే పెద్ద ఎలుక. మన మాట దొరల నోట్లో నలిగి బాండికూట్ అయింది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చగా 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఇది తెలుగు మాటేనని ఉంది. దొరలు ఒప్పుకున్నా తెలుగు పత్రిక ఒప్పుకోదా? జంతుశాస్త్రంలో ఈ ఎలుకల ప్రజాతి పేరు ‘బాండికోటా’. ఆ లాటిన్ వేషం వెనక ఉన్నదీ మన కొక్కే.

ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు అక్కడి పొడుగు మూతి జంతువొకదాన్ని చూసి, తమకు తెలిసిన ఈ పేరే తగిలించారు. అది అసలు ఎలుకే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జాతి. ఆ దేశంలో ఈ పేరు క్రియ కూడా అయింది. బంగాళాదుంప మొక్క పైకి కదలకుండా, కింద దుంపలు మాత్రం దొంగతనంగా తవ్వుకుపోతే ‘బాండికూట్ చేశాడు’ అంటారు. అది చదవగానే మా చౌక దుకాణం గుర్తొచ్చింది. బస్తాకు వేసిన కుట్టు వేసినట్టే ఉంటుంది, కాటా మీద పెడితే నాలుగు కిలోలు తక్కువ. అడిగితే “గోడౌన్‌లో పందికొక్కులు తిన్నాయండీ” అంటారు. ఎన్ని కాళ్లవో చెప్పరు. అన్నట్టు, గోడౌన్ కూడా మన గిడ్డంగి నుంచే పుట్టిందని కొందరు పండితుల మాట. దాన్ని మలయా భాషకు రాసిచ్చేసేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

మా మనవడికి 1996 నాటి వీడియోగేమ్ ‘క్రాష్ బాండికూట్’ కంఠతా వచ్చు. పందికొక్కు అంటే మాత్రం “ఛీ, అది తిట్టు కదా తాతయ్యా!” అన్నాడు. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగే పని లేకుండా కేరళ కుర్రాళ్లు 2018లో తెచ్చిన రోబో పేరూ బాండికూటే. అది తమ భాష మాట అని మన ఇంజనీర్లలో ఎందరికి తెలుసో!

వాళ్ల సంగతెందుకు, పోయిన నెల మా వీధి కాలువ గట్టును పందికొక్కులు తవ్వేస్తున్నాయని ఆఫీసులో తెలుగులో అర్జీ ఇచ్చాను. ఇంగ్లిష్‌లో రాసుకు రమ్మన్నారు. సరేనని బాండికూట్ అని రాసిచ్చాను. గుమస్తా గారు రెండుసార్లు చదువుకుని, “అంటే ఏంటి మాస్టారూ?” అన్నారు. గట్టు సగం కూలింది. అర్జీ ఏ బల్ల మీద ఉందో తెలీదు.

ఆ గట్టు మీ వల్ల కాదు గానీ, సవరణైనా వేయండి. అదే పిల్లల పేజీలో, అదే సైజు అక్షరాల్లో.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి