ఇంటర్‌లో తర్కానికి ఒక్క పీరియడైనా ఇవ్వండి

ఒక వాదనలో తప్పెక్కడుందో పట్టుకోవడం మన కాలేజీల్లో ఎవరూ నేర్పడం లేదు. సాయంత్రం టీవీ చర్చ పెట్టి చూడండి, రోడ్డు ఎందుకు వేయలేదని ఒకాయన అడిగితే మీ హయాంలో వేశారా అని రెండో ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు, అదే జవాబన్నట్టు యాంకర్ బ్రేక్‌కి వెళ్లిపోతాడు, రోడ్డు సంగతి గాలికి. ఎంపీసీ చదివే మా మేనల్లుడు కూడా అంతే, ఫలానా కాలేజీకి టాప్ ర్యాంకులు వచ్చాయి కాబట్టి అక్కడ చేరితే నాకూ వస్తుందంటాడు. రాని వాళ్లెంతమందో హోర్డింగ్ మీద వేయరు కదా! పొగను చూసి నిప్పుందని ఎలా తేల్చాలో ఐదు మెట్లలో చెప్పే ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు, 17వ శతాబ్దం నాటి మన తెలుగువాడే. సివిల్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది, సొంతంగా ఆలోచించి రాయాల్సిన దానికీ కోచింగ్ నోట్సు బట్టీ పట్టడమే. ఇంటర్ మొదటి ఏడాది అన్ని గ్రూపులకూ వారానికొక పీరియడ్ తర్కానికి ఇవ్వాలి, మార్కులూ పరీక్షా వద్దు (పెడితే దానికీ గైడ్లు వస్తాయి). ఆ వారం పేపర్లో వచ్చిన ప్రకటనో, నాయకుడి ప్రసంగమో తీసుకుని అందులో లొసుగేమిటో పిల్లల చేతే చెప్పించాలి. ఉన్న తెలుగు, లెక్కల లెక్చరర్లకు కొద్దిగా శిక్షణ ఇస్తే చాలు, కొత్త పోస్టులు అక్కర్లేదు.