ఇద్దరూ మధ్యవర్తులేనా?

సంపాదకుడు గారికి,

ఈ మధ్య మీ పత్రికలో ఒకే పేజీలో రెండు వార్తలు చదివాను. భార్యాభర్తల కేసును కోర్టు ‘మధ్యవర్తిత్వానికి’ పంపిందని ఒకటి, కాంట్రాక్టరుకు బాకీ కట్టాలని ‘మధ్యవర్తి’ ఆదేశించాడని ఇంకొకటి. మొదటిది మీడియేషన్, అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడం. రెండోది ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఒక మనిషి తగవు విని తీర్పు చెప్పడం. మాట మాత్రం ఒకటే వేశారు. ఈ మాటతో మా ఇంట్లో చేతులు కాలాయి కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడి కొడుకు పెరంబూరులో టెంపో నడుపుతాడు. వాయిదాలు ఆగిపోతే ఫైనాన్స్ కంపెనీ వైపు నుంచి ఇంగ్లిషులో నోటీసు వచ్చింది. “పెదనాన్నా, ఇదేంటో చూడు” అని నా చేతిలో పెట్టాడు. ఆర్బిట్రేటర్ అని ఉంది. నలభై ఏళ్లుగా తెలుగు పేపరు చదివేవాణ్ని కదా, “మధ్యవర్తిరా. కూర్చోబెట్టి మాట్లాడతాడు, నచ్చకపోతే లేచొచ్చేయొచ్చు” అన్నాను. వాడు అసలు వెళ్లనే లేదు. వెళ్లకపోయినా ఉన్న కాగితాలు చూసి ఆర్బిట్రేటర్ అవార్డు ఇచ్చేయొచ్చట. ఇచ్చేశాడు. అవార్డంటే బహుమతి కాదు, తీర్పు. ఆ కవరు మా వాడి ఇంట్లో టీవీ స్టాండు కింద పడి ఉండిపోయింది.

కోర్టు నుంచి జప్తు నోటీసు వచ్చాక లాయరు దగ్గరికి పరుగెత్తాం. 1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం అవార్డు కాపీ చేతికందిన మూడు నెలల్లో సవాలు చేయాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, ఆపైన ఒక్కరోజు కూడా లేదు. మాకు అదీ దాటి రెండు వారాలైంది. కంపెనీ తానొక్కతే ఎంచుకున్న మనిషి తీర్పు చెప్పడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే అంది, మొదటి నోటీసుకే వచ్చుంటే ఆ మాట అడిగేవాళ్లం అన్నాడాయన. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఇక్కడ పిల్లిని పిలిచిందీ ఒక పిట్టే!

మీడియేటర్ నోట తీర్పు రాదు. కృష్ణుడు హస్తినకు వెళ్లి ఐదూళ్లయినా ఇమ్మన్నాడు, దుర్యోధనుడు కాదంటే వెనక్కి వచ్చేశాడు. (ఆయన పాండవుల పక్షం మనిషి, అది వేరే సంగతి.) మద్రాసు హైకోర్టులో 2005 నుంచి మీడియేషన్ కేంద్రం ఉంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితేనే ఒప్పందం, లేకపోతే కేసు మళ్లీ జడ్జి దగ్గరికే. 2023లో దీనికి విడిగా చట్టమే వచ్చింది.

ఇక్కడి తమిళులు మీడియేషన్‌ను సమరసం అంటారు. ఆర్బిట్రేటర్‌ను నడువర్ అంటారు, క్రికెట్ అంపైర్‌నూ అదే మాటతో పిలుస్తారు. అంపైర్ వేలెత్తితే ఏం చేయాలో ఎవరికి తెలియదు?

మనకూ తీర్పరి అనే చక్కటి మాట ఉంది. ఆర్బిట్రేటర్‌ను తీర్పరి అనండి, మీడియేషన్‌ను రాజీ చర్చలనండి. అవి నచ్చకపోతే ఆర్బిట్రేషన్ అనే వేయండి. అర్థం కాకపోతే జనం ఎవరినో ఒకరిని అడుగుతారు. మధ్యవర్తి అంటే మాత్రం అర్థమైపోయిందనుకుంటారు, నాలాగా.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై