ఎండ డిగ్రీల పక్కనే గాలిలో తేమ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి రాగానే మీరు రోజూ ఏ ఊళ్లో ఎన్ని డిగ్రీలో పట్టిక వేస్తారు, అందులో రెంటచింతల, రామగుండం, కర్నూలు పైన ఉంటాయి, మా కాకినాడ, విశాఖ ఎక్కడో అడుగున 34, 35 చూపిస్తుంటాయి. అది చూసి హైదరాబాద్ చుట్టాలు ‘మీకేం, సముద్రం పక్కన చల్లగా ఉన్నారు’ అంటారు. ఇక్కడేమో ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది.

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడి తీసుకుపోతుంది, ఊరికే కారిపోతే ఆ లాభం లేదు. అనంతపురంలో 41 డిగ్రీలు, తేమ 20 శాతం (అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగే ఆవిరిలో ఐదో వంతు) ఉందనుకోండి, ఒక ఘనపు మీటరు గాలిలో నీటి ఆవిరి 11 గ్రాములే. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం అయితే 28 గ్రాములు! థర్మామీటరుకు తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే అక్కడ 23 దాకా దిగుతుంది, ఇక్కడ 30 దగ్గరే ఆగిపోతుంది. మా దగ్గర కూలర్లు పనిచేయకపోవడానికీ కారణం ఇదే. పొడి ఎండ తక్కువదని నేననడం లేదు, 2015 వేసవిలో రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. కానీ తీరంలో 37 తాకితే తప్ప వడగాలి లెక్కలోకే రాదు కాబట్టి 34 డిగ్రీల ఉక్కలో స్లాబ్ పని చేసే కూలీకి ఏ హెచ్చరికా అందినట్టు అనిపించదు.

స్కూల్లో నీటి చక్రం అంటే సముద్రం నుంచి పైకి ఒక బాణం, ఒక మేఘం, కింద వాన. ఆవిరైన నీరు మళ్లీ వానగా పడేలోపు సగటున తొమ్మిది పది రోజులు గాలిలోనే ఉంటుంది, కంటికి కనపడదు, ఆ బొమ్మలోనూ ఉండదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, అంటే ఈ ఉక్కపోత ముందు ముందు ఇంకా పెరిగేదే.

తేమ వేసేటప్పుడు ఏ టైములో తీసిందో కూడా రాయండి. తెల్లవారుజామున 26 డిగ్రీల దగ్గర 90 శాతం కంటే మధ్యాహ్నం 35 దగ్గర 60 శాతంలోనే ఆవిరి ఎక్కువ, శాతం మాత్రమే చూస్తే తలకిందులుగా అర్థమవుతుంది. అసలు డ్యూ పాయింట్ (గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి మంచుబొట్లుగా మారుతుందో ఆ అంకె) వేస్తే ఈ గొడవే ఉండదు: అది 25 దాటిందంటే ఉక్క ఖాయం. రబీ ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, గింజలో తేమ 17 శాతానికి దిగితేనే కొంటారని ఎదురుచూసే గోదావరి జిల్లాల రైతుకూ ఈ అంకె పనికొస్తుంది.

వాతావరణ శాఖ తేమ వివరాలు రోజూ ఇస్తూనే ఉంది, 2023 నుంచి ప్రయోగాత్మకంగా హీట్ ఇండెక్స్ (వేడి, తేమ కలిపి ఒంటికి ఎంత వేడిగా అనిపిస్తుందో చెప్పే అంకె) కూడా ఇస్తోంది. మీరు వేయాల్సింది పట్టికలో ఇంకో గడి మాత్రమే. అన్ని ఎడిషన్లలో కుదరదంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోస్తా జిల్లాల్లోనైనా మొదలుపెట్టండి.

– ఒక పాఠకుడు, కాకినాడ